రాత్రి శ్రమ, ఉదయపు ధర

తడ ప్రాంతమున పులికాటు సరస్సును నమ్ముకొనిన మత్స్యకారుని ఎవరును సోమరి యనజాలరు. రాత్రియంతయు నీటిలో నిలిచి వల లాగును. వలయు పడవయు సొంతమైన వాడు శ్రామికుడే కాదు, చిన్న వ్యాపారి కూడ. అతని లాభనష్టములు తెల్లవారినపిమ్మట గట్టుమీద గడచు రెండు మూడు గంటలలో తేలును.

రొయ్య నీరు విడచినది మొదలు చెడ నారంభించును. ఎండలో మరింత త్వరగా చెడును. మన వేడి ప్రాంతములలో కిలో సరకునకు కిలో మంచుగడ్డ అని లెక్క. పొడిచేసిన మంచు ఒక వరుస, సరకు ఒక వరుస, పైన మరల మంచు పరచవలెను. కరిగిన నీరు పెట్టె అడుగునుండి జారిపోవలెను. ఆ నీటిలో నానిన రొయ్య మంచులో నున్నను పాడగును. ఈ పెట్టె ఉన్నవాడు ధర విచారించి అమ్మగలడు. లేనివాడు, అందులోను ముందుగా అప్పు పుచ్చుకొనినవాడు, వర్తకుడు చెప్పిన ధరకే తల యూపవలసివచ్చును. వల ఇంకొక గంట లాగినను ఈ నష్టము తీరదని మేము వేరుగా చెప్పనక్కరలేదు.

పీతల సంగతియు నిట్టిదే. క్రొత్తగా పెంకు విడిచిన పీతలో మాంసము తక్కువ, ధరయు తక్కువ. మూడు నాలుగు వారములు చౌక చేపలతో మేపినచో గట్టిపడి బరువెక్కును. ఒకదాని నొకటి తినును గనుక విడివిడిగా నుంచుట మేలు.

సన్నకన్ను వలతో పిల్లల నూడ్చుటను కొందరు తెలివి యనుకొందురు. మేము అట్లనుకొనము, ఆ పిల్లలే వచ్చే ఏటి సరకు.

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ చేర్చిన 11వ షెడ్యూలులోని 29 విషయములలో మత్స్యపరిశ్రమ ఐదవది. కావున ఇది పంచాయతీ పనియే. గట్టున నీడ, శుభ్రమైన నీరు, మంచుపెట్టెలు, చెన్నై ధరలు వ్రాయు పలక: వీనిలో మీ గ్రామమున ఏది లేదో రాబోవు సమావేశమున విచారింపుడు.