కాయకు అంగడి ఉన్నది, నీరాకు ఏదీ?

(మా వాణిజ్య విలేఖరి)

మామిడికుదురు: కొబ్బరికాయకు, కురిడీకి, ఎండుకొబ్బరికి అంబాజీపేటలో ధర పలుకుతుంది. పీచుకు సైతం కొనేవారు ఉన్నారు. కాని అదే చెట్టు పూపొత్తి నుండి కారే తీయని రసానికి ధరవరల పట్టికలో చోటు లేదు. కాయ ధర మందగించినప్పుడు వైనతేయ ఒడ్డు రైతుకు ఇది చిన్న విషయం కాదు.

రకాలు, రుచులు

తాటికల్లు వేసవి సరుకు, ఈతకల్లు చలికాలపు సరుకు. కొబ్బరికల్లు మాత్రం ఏడాది పొడవునా దిగుతుంది. తెల్లవారుజామున దింపినది తీపి. కారంగా వేయించిన రొయ్యలకు అది జోడీ. పొద్దెక్కే కొద్దీ పులుపు, ఘాటు పెరుగుతాయి. అప్పుడు ఎండుచేప, ఉప్పు చల్లిన శనగలు చాలును. తాటికల్లుకు పులసను జోడించి చెప్పేవారు కాలం లెక్క చూసుకోలేదనాలి. పులస గోదావరి వరద రోజుల చేప. ఆ నాటికి తాటి గీత ముగుస్తుంది.

నిలవని సరుకు

అంగడి లేకపోవడానికి మొదటి కారణం నిలవ. లొట్టిలో పడిన క్షణం నుండే రసం పులియనారంభిస్తుంది. కొద్ది గంటలలో అది కల్లు, ఆపైన పులిసిన కాడి. లొట్టికి సున్నం పూస్తే పులియడం తగ్గుతుంది. మంచు పెట్టెలో చల్లగా దింపే పద్ధతిని కాసరగోడులోని కేంద్ర తోటపంటల పరిశోధనా సంస్థ రూపొందించి, ఆ రసానికి ‘కల్పరస’ అని పేరు పెట్టింది. కాచి బెల్లం చేయడం పాత మార్గం. సుమారు 8 లీటర్ల తాటి నీరాకు కిలో బెల్లం దిగుతుంది. వంటచెరకు, కూలి కలిపితే మిగిలేది ఎంతో గీత కార్మికునికి వేరే చెప్పనక్కరలేదు.

చట్టం చూపు

రెండవ కారణం చట్టం. తీపి నీరాకు, పులిసిన కల్లుకు చెట్టు ఒకటే కనుక రెండూ ఆబ్కారీ చూపులోనే ఉన్నాయి. ఈ చెట్టు రాజకీయం కూడా చిన్నది కాదు. మద్యనిషేధంపై రామమూర్తి కమిటీ సిఫారసుల వివాదంలో, గౌతు లచ్చన్న నాయకత్వాన గీత కార్మికులు ఆందోళన సాగించిన 1954లో, ప్రకాశం పంతులు ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది.

రష్యా అనుభవం ఇక్కడ గమనించదగినది. డాన్ నది తీరాన చలికి తట్టుకోవడానికి ద్రాక్షతీగెలను ఏటా మట్టిలో కప్పుతారు. ఆ నేల నల్లద్రాక్షతో చేసే నురుగు వైను త్సిమ్లాన్స్క్ ఊరి పేరుతోనే అమ్ముడుపోతుంది. నల్లసముద్రం చేరువలోని అబ్రావ్-ద్యుర్సో తోటలు 1870లో జారు ఆజ్ఞతో ఏర్పడినవి. ఎర్రవైనుకు నిప్పులపై కాల్చిన మాంసం అక్కడి జోడీ. అట్టి దేశంలో 1985లో గోర్బచేవ్ తాగుడుపై యుద్ధం ప్రకటించగా, వేలాది హెక్టార్ల ద్రాక్షతోటలు నరికివేతకు గురైనాయి. ఒకసారి పీకిన తీగె మరలా కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. మన తాటిచెట్టు గీతకు రావడానికి అంతకంటె ఎక్కువ కాలం పడుతుంది.

కావలసినది

తెలంగాణలో 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డున నీరా కేఫ్ తెరిచారు. మన రాష్ట్రంలో 2025లో మద్యం దుకాణాలలో 10 శాతం గీత కులాలకు కేటాయించారు. దుకాణం వచ్చినవారికి అది ఆదాయమే. కాని అక్కడ అమ్మేది సీసా సరుకు, చెట్టు సరుకు కాదు. మోకు కట్టి చెట్టెక్కే వానికి దానివల్ల ఒరిగేది స్వల్పం.

తెల్లవారే లోపు నీరాను చల్లబరచి సేకరించే కేంద్రం, దాని నాణ్యతను కొలిచే మనిషి, రోజువారీ ధర: ఈ మూడూ ఉంటే రసం సరుకు అవుతుంది. పాలకు ఈ ఏర్పాటు ఏనాడో జరిగింది. పాలవలెనే గంటలలో చెడిపోయే నీరాకు జరగలేదు. కొబ్బరి రైతుకు కాయ ఒక్కటే ఆధారమైనంత కాలం, కాయ ధర పడిన రోజున అతనికి రెండవ అంగడి ఉండదు.