911 నొక్కితే పలుకుతుందా?

ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్లు అని మన పెద్దలు ఊరికే అనలేదు. అమెరికాలో అడుగుపెట్టగానే మనం పిల్లలకి నేర్పే మొదటి అంకె 911. కానీ ఆ అంకెలు నొక్కాక ఏం జరుగుతుందో ఆలోచించేవాళ్ళు మనలో తక్కువే.

మొట్టమొదటి 911 కాల్ 1968 ఫిబ్రవరి 16న అలబామాలోని హేలీవిల్ అనే చిన్న ఊళ్ళో మోగింది. అప్పటి ఫోన్ గోడకి అతుక్కుని ఉండేది. నేటి ఫోన్ మన జేబులో ఊరంతా తిరుగుతుంది. అందుకే ఫోన్ చేసిన మనిషి ఎక్కడున్నాడో సెల్ కంపెనీలే తెలపాలని ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 1996లో నిబంధనలు తెచ్చింది. అయినా చాలాకాలం టవర్‌ని బట్టే కాల్ ఏ కేంద్రానికి వెళ్ళాలో తేలేది. కౌంటీ పొలిమేరలో ఉన్నవాళ్ళ కాల్ పక్క కౌంటీలో మోగేది. దాన్ని బదిలీ చేసేలోగా విలువైన క్షణాలు గడిచిపోయేవి. ఫోన్ ఉన్న చోటుని బట్టే కాల్ పంపాలని కమిషన్ ఆదేశించింది 2024 జనవరిలో.

ఇక మన సాఫ్ట్‌వేర్ సోదర సోదరీమణులు గుర్తుంచుకోవలసిన కథ ఒకటుంది. 2014 ఏప్రిల్ 9 అర్ధరాత్రి వేళ, కొలరాడోలోని ఒక కేంద్రంలో ప్రతి 911 కాల్‌కీ వరుస సంఖ్య ఇచ్చే కౌంటర్, ముందుగా పెట్టిన పరిమితిని తాకి ఆగిపోయింది. ఏడు రాష్ట్రాల్లో సుమారు ఆరు గంటలపాటు 6,600కు పైగా కాల్స్ గమ్యం చేరలేదు. 2024 ఫిబ్రవరి 22న ఏటీ అండ్ టీ నెట్‌వర్క్‌లో ఒక కాన్ఫిగరేషన్ తప్పువల్ల 25,000కు పైగా 911 ప్రయత్నాలు విఫలమయ్యాయి. రెండుసార్లూ తుఫాను లేదు, భూకంపం లేదు. మనం రోజూ ఆఫీసులో చేసే పనిలాంటి పనిలో దొర్లిన పొరపాట్లే!

అవి మన చేతిలో లేనివి. మరి మన చేతిలో ఉన్నవి?

మొదటిది పాత ఫోన్. నెలవారీ ప్లాన్ లేకపోయినా 911 కాల్‌ని కంపెనీలు మోయాలన్నది ఇక్కడి నియమం. అది నమ్మి పాత ఫోన్‌ని అమ్మకో నాన్నకో ఇచ్చేవాళ్ళున్నారు. కానీ పెద్ద కంపెనీలు 2022లో త్రీజీ నెట్‌వర్కులు మూసేశాయి. ఇక్కడి ఫోర్‌జీలో మాట మోయలేని ఫోన్ ఆపదలో మూగబోవచ్చు. ఇండియా నుంచి తెచ్చిన ఫోన్ అయితే, ఇక్కడి నెట్‌వర్క్‌లో వోల్టీ పనిచేస్తుందో లేదో మీ కంపెనీని అడిగి తెలుసుకోండి. పైగా ప్లాన్ లేని ఫోన్‌లో మాట మధ్యలో తెగిపోతే, వాళ్ళు తిరిగి చేయలేరు.

రెండవది వైఫై కాలింగ్. బేస్‌మెంట్‌లో సిగ్నల్ అందక వైఫై మీద మాట్లాడేటప్పుడు, మీరు సెట్టింగ్స్‌లో ఎప్పుడో రాసిన చిరునామానే 911 వారికి చేరవచ్చు. ప్రాజెక్టు మారినప్పుడల్లా ఊరు మారే మనకి ఇది అసలైన చిక్కు. డల్లాస్‌లో ఉంటూ న్యూజెర్సీ చిరునామా పెట్టుకుంటే ఆంబులెన్స్ ఎక్కడికి వెళ్ళాలి? ఇల్లు మారగానే దాన్నీ మార్చండి.

మూడవది, ముఖ్యమైనది, మన తల్లిదండ్రులు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108కి అలవాటుపడిన వేళ్ళు కంగారులో దానికే వెళతాయి. అది ఇక్కడ పలకదు. వాట్సాప్‌లో ఎంత చక్కగా మాట్లాడినా దాన్నుంచి 911కి చేయలేరు. ఇంటి చిరునామా పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ముందు చిరునామా, తర్వాతే కష్టం చెప్పమనండి. ఇంగ్లీషు రాకపోతే "తెలుగు" అని ఒక్క మాట చెప్పినా చాలు. చాలా కేంద్రాలు ఫోన్‌లోనే దుబాసీని కలుపుతాయి. పొరపాటున 911 నొక్కితే భయపడి పెట్టెయ్యకుండా, పొరపాటైందని చెప్పమనండి.

పరీక్షకోసం మాత్రం 911కి చేయకండి. ఈ వారాంతంలో ఓ పదిహేను నిమిషాలు కేటాయించి, ఇంట్లో ఉన్న ప్రతి ఫోన్‌నీ ఒకసారి చూడండి. పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకి మనం ఇవ్వగలిగిన ధైర్యం అదే.