వేడిమికి లెక్కగట్టిన ఆచార్యుడు

పొయ్యిమీద పాలు కాగుటకును, పొయ్యికెదుట కూర్చున్న మన మొగము చుఱ్ఱుమనుటకును అగ్నియే కారణము. అయినను వేడిమి వచ్చు త్రోవలు వేఱు. పాలకది గిన్నె యడుగునుండి ప్రాకివచ్చును. మొగమునకు, నడుమ నేవస్తువు నాధారమును కోరక, వెలుతురువలె సూటిగా వచ్చును. సూర్యుని వేడిమి శూన్యమును దాటి మన వడియముల నెండించుట యీ రెండవ విధముననే. దీనిని ఉష్ణవికిరణమందురు.

దీని లెక్క తేల్చుటకు పాటుపడిన హొయిట్ హాటెల్ 1903లో అమెరికాయందలి ఇండియానా రాష్ట్రమున జన్మించి, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఆచార్యుడయ్యెను. కొలిమిలో జ్వాలయేగాక కంటికి గానరాని వాయువులును వేడిమిని వెదజల్లును. నత్రజని, ప్రాణవాయువుల కాశక్తి లేదనవచ్చును; బొగ్గుపులుసు వాయువునకును నీటియావిరికిని గలదు. వాయువెంత వేడెక్కినది, యెంత పాలున్నది, యెంత మందమున్నది యనుదానినిబట్టి యది మాఱును. హాటెల్ దాని నోపికతో కొలిచి పటములు గీసెను. కొలిమి కట్టు ఇంజనీర్లు దశాబ్దములు వానినే చూచుకొనిరి.

సోదరీమణులకు రుచించునది 1939లో ఆయన కట్టించిన సూర్యగృహము. కప్పుపై నల్లని లోహపు రేకులు, వానిపై అద్దములు, క్రింద పదునేడువేల గ్యాలనులు మించిన నీటితొట్టి. వేసవి వేడిమిని శీతకాలమునకు, మన మావకాయ పెట్టుకొనునట్లు, దాచిరి. ఇల్లు వెచ్చబడెను గాని వ్యయము మిక్కుటము.

యుద్ధము వచ్చెను. అగ్నియుద్ధ పరిశోధన కాయనయే నాయకుడు. 1943లో యూటా ఎడారిలో జర్మను, జపాను ఇండ్ల నమూనాలు కట్టి, నేలపై చాపలు సైతము పఱచి, బాంబులతో కాల్చి చూచిరి. అట్లు పరీక్షింపబడిన బాంబులే 1945 మార్చిలో టోకియోను దహించెను. ఇల్లాండ్రమగు మేము ఈ ఘట్టమును తేలికగా దాటలేకున్నాము.

పిదప 1948లో హంగేరీ వనిత మరియా టెల్కెస్, వేడిమిని ఉప్పులో దాచవచ్చునని డోవరులో వేఱొక సూర్యగృహమును సిద్ధపఱచెను. నిర్మాణచిత్రము గీసినది ఎలియనోర్ రేమండ్. ధనమిచ్చినది అమేలియా పీబాడీ. హాటెల్ ఆ యుప్పును నమ్మలేదు. కొన్ని శీతకాలములకది శక్తి గోల్పోయినమాట నిజమే. ఆయన సందేహము న్యాయమే. కాని యంతవఱకా యిల్లు వెచ్చగానుండుటయు నిజమేకదా! టెల్కెస్ 1953లో ఆ విద్యాలయమును వీడెను.

హాటెల్ 1998లో మరణించెను. మిద్దెలపై స్నానపునీరు కాచు సౌరయంత్రము ఎంత వేడిమిని పట్టునో కట్టు లెక్కలో ఆయన పేరిటి సూత్రము నేటికిని వాడుకలో నున్నది.