వెలిగిన దీపం ఆరకుండా ఉండాలంటే

షోలాపూర్ దాజీ పేట్‌లో తెలంగాణ జిల్లాల నుండి వచ్చి స్థిరపడిన నేత కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. మరమగ్గాన్ని మనవాళ్లు సాంచా అంటారు. సాంచా నడిపే మోటారుకు స్టార్టరు పెట్టె ఉంటే దాని మీద రెండు బటన్లు కనిపిస్తాయి. ఒకటి ఆకుపచ్చది, రెండవది ఎర్రది. ఆకుపచ్చ బటన్ నొక్కి వేలు తీసేస్తాం. బటన్ వెంటనే పైకి వచ్చేస్తుంది. అయినా మోటారు ఆగదు, పక్కనున్న చిన్న దీపమూ ఆరదు. వేలు తీసిన సంగతి మోటారుకు తెలియదా?

పెట్టె లోపల ఒక తీగచుట్ట ఉంటుంది. బటన్ నొక్కగానే అందులో విద్యుత్తు ప్రవహించి, అది అయస్కాంతమై ఇనుప పలకను లాగుతుంది. దానితో మోటారుకు విద్యుత్తు అందుతుంది. అదే పలక ఇంకొక చిన్న దారిని కూడా కలుపుతుంది. ఆ దారి ఆకుపచ్చ బటన్‌ను చుట్టివచ్చి తీగచుట్టకే విద్యుత్తు నందిస్తుంది. అంటే మోటారు నడుస్తూ ఉండడమే ఇక అది నడవడానికి కారణం. ఎర్ర బటన్ నొక్కితే ఈ దారి తెగిపోతుంది.

జాకార్డు సాంచాలో ఇలా జరగదు. ఫ్రాన్సు దేశస్థుడు జోసెఫ్ మరీ జాకార్డు 1804 ప్రాంతంలో రూపొందించిన ఈ పద్ధతిలోనే మన చాదర్ల మీద పూలు, నెమళ్లు వస్తాయి. అట్టలోని రంధ్రం ఆ ఒక్క పేకకే చెల్లుతుంది. అదే పడుగు పోగు వరుసగా నలభై పేకలకు పైకి లేవాలంటే నలభై అట్టల్లోనూ రంధ్రం ఉండవలసిందే. అట్ట ఆజ్ఞాపిస్తుంది కాని గుర్తుంచుకోదు.

కంప్యూటరులో బొమ్మలతో ప్రోగ్రాము రాసేవారికి మొదట ఎదురయ్యే చిక్కు ఇదే. 1986లో అమెరికాలో వెలువడిన ల్యాబ్‌వ్యూలో ఆదేశాలను అక్షరాలతో రాయరు. తెర మీద బటన్, దీపం బొమ్మలను పెట్టి వాటిని తీగల వంటి గీతలతో కలుపుతారు. వదలగానే పైకి వచ్చేసేలా అమర్చిన బటన్‌ను తిన్నగా దీపానికి కలిపితే, నొక్కినంతసేపే వెలిగి, వదలగానే ఆరిపోతుంది. ప్రోగ్రాము ఒక చట్రంలో మళ్లీ మళ్లీ తిరుగుతూ, ప్రతి చుట్టులోను బటన్‌ను కొత్తగా చూస్తుంది. కిందటి చుట్టులో ఏం జరిగిందో దానికి తెలియదు.

కాబట్టి చెప్పి ఉంచాలి. ల్యాబ్‌వ్యూలో దీనికి షిఫ్ట్ రిజిస్టరు ఉంది. చట్రం కుడి అంచున పెట్టిన విలువ తరువాతి చుట్టులో ఎడమ అంచున బయటికి వస్తుంది. రాత్రి మిగిల్చిన అన్నం పొద్దున చద్దిగా అందినట్లే. ఇప్పుడు నియమం ఇలా చెప్పుకోవచ్చు: ఆకుపచ్చ బటన్ నొక్కి ఉన్నా, లేక ఇంతకుముందే దీపం వెలుగుతున్నా, ఎర్ర బటన్ నొక్కకపోతే దీపం వెలగాలి. స్టార్టరు పెట్టెలోని చిన్న దారి చేసే పని కూడా ఇదే కదా!

ఒక్క బటన్‌తోనే వెలిగించి, మళ్లీ దానితోనే ఆర్పాలనుకుంటే కొంచెం జాగ్రత్త అవసరం. ప్రోగ్రాము సెకనుకు పది చుట్లు తిరుగుతుందనుకోండి. మన వేలు అర సెకను ఆగితే దీపం అయిదుసార్లు మారుతుంది. అందుకే నొక్కి ఉన్నంతసేపూ కాక, నొక్కిన క్షణాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి.

అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. కరెంటు పోయినప్పుడు సాంచా ఆగుతుంది. నేసేవాడు తెగిన పోగు ముడివేయడానికి లోపల చేయి పెట్టవచ్చు. అంతలో కరెంటు వస్తే? స్టార్టరులోని అయస్కాంతం అప్పటికే పలకను వదిలేసి ఉంటుంది. మళ్లీ ఎవరైనా ఆకుపచ్చ బటన్ నొక్కితే తప్ప మోటారు కదలదు. ఇక్కడ మరచిపోవడమే చేతిని కాపాడుతుంది. గుర్తుంచుకోవడం ఎంత అవసరమో, ఎప్పుడు మరవాలో తెలియడం కూడా అంతే అవసరం.

కంప్యూటరులో ఈ మరపు దానంతట అది రాదు. షిఫ్ట్ రిజిస్టరుకు ఎడమవైపు మొదటి విలువ ఇవ్వకపోతే, ప్రోగ్రామును మూసివేయకుండా మళ్లీ నడిపినప్పుడు పాత విలువే మిగిలి ఉంటుంది. ఎవరూ ముట్టకుండానే దీపం వెలుగుతుంది. దీపమైతే నవ్వుకోవచ్చు. ఆ తీగ మోటారుకు కలిపి ఉంటే నవ్వులాట కాదు. అందువల్ల మొదట “ఆరి ఉంది” అనే విలువను తప్పక కలపాలి.

2007లో పిల్లల కోసం వెలువడిన స్క్రాచ్‌లోనూ ఇంతే. అందులో దీపం స్థితిని ఒక చరరాశిలో దాస్తారు. ఆకుపచ్చ జెండా నొక్కినంత మాత్రాన అది సున్నా కాదు. జెండా ముక్క కింద, మిగిలిన ఏ ముక్కకంటెనూ ముందు, దానిని సున్నా చేసే ముక్కను తగిలించాలి.