సీఎన్‌సీ రౌటర్ కొనేముందు: యంత్రం ధర ఒక్కటే లెక్క కాదు

వాడలో ఇంటి పక్కనే రేకుల షెడ్డు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న బల్ల మీద ప్లైవుడ్ షీటు. కంప్యూటర్‌లో గీసిన పువ్వుల డిజైన్‌ను కట్టర్ చెక్క మీద చెక్కుకుంటూ పోతుంది. ఐటీఐ, డిప్లొమా చదివి ఫర్నిచర్ షాపుల్లో జీతానికి పనిచేస్తున్న మన పిల్లలు కొందరు ఈ షెడ్డునే కలగంటున్నారు. 'చైనా నుంచి తెప్పించుకుంటే చౌకట గదా' అని అడుగుతున్నారు. చౌకా కాదా అన్నది ఫ్యాక్టరీ చెప్పే ధరతో తేలదు. అడ్వాన్సు పంపకముందు ఏ కాగితం ఏ వరుసలో సిద్ధం చేసుకున్నామన్న దాని మీద తేలుతుంది. ఆ వరుసేమిటో ఇక్కడ వివరిస్తున్నాం.

ఇది మన విషయం ఎందుకంటే, మన ఊళ్లలో ఉలి, బాడిశ, చిత్రిక ఒక కులం ఇంట్లో తండ్రి నుంచి కొడుక్కు వచ్చాయి. మనకు తోలు, డప్పు, పాలేరుతనం రాసిపెట్టారు. చెక్కపనిలోకి వెళ్లినా మనవాళ్లకు దక్కింది ఎక్కువగా మోతపని, ఇసుక కాగితం రుద్దే పని. సీఎన్‌సీ రౌటర్ ఆ నైపుణ్యంలో కొంత భాగాన్ని డిజైన్ ఫైలుగా మార్చేసింది. డ్రాయింగు, కొలత, కట్టర్ వేగం నేర్చుకున్న ఎవరైనా దాన్ని నడపొచ్చు. అలాగని చేతిపని చేసే వడ్రంగి కుటుంబాలు మనకు పోటీదారులు కాదు. డబ్బున్నవాడు పెట్టిన యంత్రం వాళ్ల పొట్టా కొడుతోంది. యంత్రాలను తప్పుపట్టిన గాంధీ వాదానికి అంబేద్కర్ 1945లోనే జవాబిచ్చారు. తప్పు యంత్రానిది కాదని, దాని ఫలం కొందరికే చేరేలా ఉన్న సమాజ ఏర్పాటుదని ఆయన వాదన. కాబట్టి యంత్రం ఎవరి పేరు మీద, ఏ షరతులతో ఉందన్నదే అసలు ప్రశ్న.

ఏ యంత్రం?

మార్కెట్లో '1325' అని పిలిచేది సుమారు 1300 మిల్లీమీటర్ల వెడల్పు, 2500 మిల్లీమీటర్ల పొడవు పనిచేసే యంత్రం. ఎనిమిది బై నాలుగు షీటు మొత్తంగా దాని మీద పడుతుంది. నేమ్ బోర్డులు, చిన్న జాలీలు, బొమ్మలతో మొదలుపెట్టేవారికి అంతకంటే చిన్న బెడ్ చాలు. తలుపులు, వార్డ్‌రోబ్‌ల జాబ్‌వర్క్ చేయాలంటే పెద్దదే కావాలి.

కొటేషన్‌లో ఫొటో చూసి మోసపోవద్దు. స్పిండిల్ ఎన్ని కిలోవాట్లు, దాన్ని చల్లబరిచేది గాలా నీళ్లా, మోటార్లు స్టెప్పరా సర్వోనా, గైడ్ రైళ్లు ఏ కంపెనీవి, కంట్రోలర్ ఏది అన్నవి రాతపూర్వకంగా అడగాలి. కంట్రోలర్, వీఎఫ్‌డీ, కొలెట్లు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో దొరికే రకమేనా అని ముందే విచారించుకోవాలి. స్పిండిల్ కాలిపోతే విడిభాగం ఓడలో వచ్చేదాకా షెడ్డు మూతపడుతుంది, బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు. ఇక్కడే ఉండి సర్వీసు ఇచ్చే దిగుమతిదారు కొంచెం ఎక్కువ చెప్పినా, తొలి యంత్రానికి అదే మేలు కావచ్చు.

అసలు లెక్క

నేరుగా దిగుమతి చేసుకోవాలంటే ముందు ఐఈసీ అనే దిగుమతి ఎగుమతి కోడ్ ఉండాలి. దాన్ని డీజీఎఫ్‌టీ పోర్టల్‌లో పాన్ ఆధారంగా ఇస్తారు. చెక్కపని యంత్రాలు కస్టమ్స్ పట్టికలో 8465 శీర్షిక కింద వస్తాయి. ఫ్యాక్టరీ ధరకు ఓడ కిరాయి, బీమా కలిపిన మొత్తం మీద పన్ను పడుతుంది. బేసిక్ డ్యూటీ 7.5 శాతం, ఆ డ్యూటీ మీద 10 శాతం సర్‌చార్జి, ఇవన్నీ కలిపిన విలువ మీద 18 శాతం ఐజీఎస్‌టీ అన్న లెక్క వేసి చూద్దాం.

రేవుకు చేరేసరికి యంత్రం విలువ 3,00,000 రూపాయలు అనుకుందాం. డ్యూటీ 22,500, సర్‌చార్జి 2,250, ఐజీఎస్‌టీ 58,455. పన్నులే 83,205 రూపాయలు. అంటే ప్రతి వందకూ దాదాపు 28. దీనిపైన రేవు చార్జీలు, క్లియరింగ్ ఏజెంట్ ఫీజు, లారీ కిరాయి, దించడానికి క్రేన్ ఖర్చు ఉంటాయి. కాగితాలు ఆలస్యమైతే రేవులో రోజుకింతని అద్దె పెరుగుతుంది. అందుకే ఆర్డరు ఇవ్వకముందే ఏజెంట్ దగ్గర ఆ రోజున్న రేట్లతో మొత్తం ఖర్చు రాయించుకోవాలి. యంత్రం వచ్చే చెక్కపెట్టె మీద పురుగు నివారణకు సంబంధించిన ఐఎస్‌పీఎం-15 ముద్ర ఉండాలని కూడా అమ్మకందారుకు చెప్పాలి.

ఐజీఎస్‌టీని తిరిగి రాబట్టుకోవచ్చు, కానీ జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉన్నవారే. సరుకు అమ్మేవారికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయ్యే పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల టర్నోవర్, తెలంగాణలో 20 లక్షలు. పరిమితి లోపు ఉన్నా స్వచ్ఛందంగా నమోదు కావచ్చు. కాంపోజిషన్ పద్ధతిలో ఉంటే మాత్రం ఈ క్రెడిట్ రాదు.

'ఇన్వాయిస్ తక్కువకు రాస్తాం, పన్ను మిగులుతుంది' అని కొందరు అమ్మకందారులు ఆశ పెడతారు. కస్టమ్స్ వాళ్లు విలువను తిరిగి లెక్కగడితే జరిమానా మన మీద పడుతుంది. పైగా ఇన్వాయిస్‌లో లేని డబ్బుకు అప్పూ రాదు, సబ్సిడీ కూడా రాదు.

ముందు కాగితం, తర్వాతే అడ్వాన్సు

మనవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. జాతీయ ఎస్సీ ఎస్టీ హబ్ కింద ఉన్న ప్రత్యేక పథకంలో ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమలకు యంత్రాల మీద 25 శాతం సబ్సిడీ ఉంది, గరిష్ఠంగా 25 లక్షలు. కానీ యంత్రం బ్యాంకు వంటి సంస్థ అప్పుతో కొని ఉండాలి. వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చి ఫ్యాక్టరీకి పంపేస్తే ఆ 25 శాతం పోయినట్టే. పీఎంఈజీపీ పథకంలో ఎస్సీలకు పల్లెల్లో 35 శాతం, పట్టణాల్లో 25 శాతం సబ్సిడీ, సొంత వాటా 5 శాతమే. అయితే అది కొత్త యూనిట్లకే. షెడ్డు నడిపిస్తూ 'ఇప్పుడు దరఖాస్తు పెడదాం' అంటే కుదరదు.

కాబట్టి వరుస ఇది: కుల ధ్రువీకరణ పత్రం, ఉద్యమ్ రిజిస్ట్రేషన్, రెండు మూడు కొటేషన్లు, ప్రాజెక్టు రిపోర్టు, పథకానికి, బ్యాంకుకు దరఖాస్తు. దిగుమతి యంత్రానికి ఆ రోజుకు పథకం వర్తిస్తుందా అని బ్యాంకు, జిల్లా పరిశ్రమల కేంద్రం దగ్గర రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆ తర్వాతే అడ్వాన్సు, అదీ బ్యాంకు ద్వారా కంపెనీ ఖాతాకే. సాధారణంగా 30 శాతం ముందు, మిగతాది ఓడ ఎక్కించేముందు అడుగుతారు. రెండో విడత ఇచ్చేముందు మన డిజైన్‌నే ఆ యంత్రం మీద నడిపించి వీడియో పంపమనాలి.

బ్యాంకులో 'ష్యూరిటీ ఎవరు? భూమి ఉందా?' అన్న ప్రశ్న ఎదురవుతుంది. భూమి లేకుండా చేసిన సమాజం మళ్లీ భూమినే అడుగుతుంది. చిన్న పరిశ్రమలకు కనీసం 10 లక్షల రూపాయల వరకు అప్పుకు తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు ఆదేశం ఉంది. కాదంటే కారణం కాగితం మీద రాసివ్వమని అడగాలి. ఆ అడగడంలో కార్యకర్తలు, న్యాయవిద్యార్థులు తోడు వెళ్తే మాట తీరు మారుతుంది.

షెడ్డు సంగతి

2.2 కిలోవాట్ల స్పిండిల్ సింగిల్ ఫేజ్ మీద వీఎఫ్‌డీతో నడుస్తుంది. పెద్ద స్పిండిల్, వాక్యూమ్ పంపు పెడితే త్రీ ఫేజ్ చూసుకోవాలి. ఇంటి మీటరు మీద వ్యాపారం నడిపితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు రేటు వసూలు చేస్తారు. కేటగిరీ ముందే మార్పించుకోవాలి.

ఇంటి షెడ్డు అంటే పక్కనే వంట, పిల్లలు, ముసలివాళ్లు. చెక్క పొట్టు దుమ్ము మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే పదార్థాల జాబితాలో ఉంది. డస్ట్ కలెక్టర్‌ను తర్వాత చూద్దామనే ఖర్చుగా కాక యంత్రం ధరలో భాగంగానే బడ్జెట్‌లో రాయాలి. కలెక్టర్‌కు డబ్బు చాలకపోతే యంత్రం సైజు తగ్గించుకోవడం మేలు.

ఒక్కరికి భారమైతే నలుగురు కలిసి ఒక యూనిట్‌గా నమోదు చేసుకోవచ్చు. ఒకరు డిజైన్, ఒకరు యంత్రం, ఒకరు ఆర్డర్లు, ఒకరు లెక్కలు చూసుకోవచ్చు. కొనేముందు మూడు నెలలు వేరేవాళ్ల యంత్రం మీద జాబ్‌వర్క్ చేయించి అమ్మి చూస్తే, వాయిదా కట్టేంత పని మన ఊరిలో ఉందో లేదో తెలిసిపోతుంది.

తరాలుగా మన చేతులు ఇతరుల పనిముట్లతో ఇతరుల తలుపులు నున్నగా చేశాయి. ఇప్పుడు పనిముట్టు మన పేరు మీదకు రావాలి. ఇన్వాయిస్ మీద, బ్యాంకు పాసుబుక్కులో, కరెంటు మీటరు మీద మన పేరు సక్రమంగా ఉన్నప్పుడే అది మనది. లేకపోతే యంత్రం ఇంట్లో ఉన్నా యజమాని అప్పిచ్చినవాడే.