బంగారుతీగ కోసం గాలం కొనేముందు

"అన్నా, 120 పౌండ్లకి మూడు కర్రలు, మూడు రీళ్లు, అలారాలు అన్నీ కలిపి సెట్టు వస్తోంది. కొనేయమంటావా?"

ఇంగ్లండ్‌లో ఏప్రిల్ వచ్చి ఎండ కాస్త మొహం చూపించిందంటే చాలు, నాకు ఇలాంటి ఫోన్లు మొదలవుతాయి. నేను స్లవ్ దగ్గర కన్‌స్ట్రక్షన్ సైట్‌లో సూపర్‌వైజర్‌ని. చేపల వ్యాపారం నాది కాదు. కాకపోతే ఆకివీడు పక్కన చేపల చెరువుల మధ్య పెరిగినవాణ్ని. ఆదివారం దొరికితే ఏదో ఒక చెరువు గట్టున కూర్చుంటానని ఇక్కడి మన కుర్రాళ్లందరికీ తెలుసు. వేర్‌హౌస్‌లో చేసేవాళ్లు, కేర్ హోముల్లో చేసేవాళ్లు, డ్రైవర్లు అందరిదీ ఇదే ప్రశ్న. నా జవాబు కూడా ఒకటే. ఆ సెట్టు కొనొద్దు.

ఎందుకో చెప్పాలంటే ముందు చేప సంగతి చెప్పాలి. ఇక్కడ వీళ్లు కార్ప్ అనేది మన బంగారుతీగే. మన బొచ్చె, శీలావతి కూడా ఆ కుటుంబానివే గానీ ఈ చలినీళ్లలో అవి ఉండవు. మన దగ్గర గాలం వేసేది కూర కోసం. చేప ఒడ్డుకొస్తే చాలు, దాని మూతి ఏమైందో, పొలుసు ఊడిందో ఎవరికి పట్టింది? ఇక్కడ పట్టిన బంగారుతీగను తూకం వేసి, ఫొటో తీసుకుని, మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. ఒక్కో చేప పదుల ఏళ్లు బతుకుతుంది. పెద్దవాటికి పేర్లు కూడా పెడతారు. చెరువు యజమాని వాటిని వేల పౌండ్లు పోసి కొని వేసుకుంటాడు. అందుకని సంచిలో వేసుకుని ఇంటికి తెస్తే అది దొంగతనం కిందే లెక్క. పులుసు కావాలంటే మన దుకాణాల్లో ఫ్రోజెన్ రోహు దొరుకుతుంది, అది తెచ్చుకోవడం మేలు.

చేప బతికి మళ్లీ చెరువులోకి వెళ్లాలి అన్న ఒక్క మాట మీదే ఇక్కడ సామాను అంతా ఆధారపడి ఉంది. ఏది ముందు కొనాలి, దేనికి డబ్బు పెట్టాలి, దేనికి పెట్టకూడదు అన్నది కూడా దాన్నిబట్టే తేలుతుంది.

షాపుకంటే ముందు లైసెన్సు

ఇంగ్లండ్, వేల్స్‌లలో 13 ఏళ్లు దాటినవాళ్లు ఎవరైనా మంచినీటి చేపకు గాలం వెయ్యాలంటే రాడ్ లైసెన్సు ఉండాలి. 13 నుంచి 16 ఏళ్ల పిల్లలకు అది ఉచితం, కానీ తీసుకోవాలి. పెద్దవాళ్లకు ఏడాదికి మామూలు లైసెన్సు 35 పౌండ్లు దాటింది. ఒక్కరోజుకి, 8 రోజులకి కూడా ఇస్తారు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అయిదు నిమిషాల పని. లేకుండా దొరికితే 2,500 పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు. అదీ కోర్టు జరిమానా. మనలాంటి వీసా మీద ఉన్నవాళ్లకు డబ్బు ఒక్కటే కాదు సమస్య. రేపు వీసా పొడిగింపు ఫారంలో శిక్షలు, జరిమానాల గురించి అడిగే ప్రశ్న ఉంటుంది కదా, అక్కడ ఇది రాయాల్సి వస్తుంది.

ఆ మామూలు లైసెన్సు మీద ఒకేసారి రెండు కర్రలే వెయ్యొచ్చు. మూడో కర్రకి వేరే, ఎక్కువ ఖరీదు లైసెన్సు. ఇప్పుడు ఆ మూడు కర్రల సెట్టు ఎందుకు వద్దన్నానో సగం అర్థమై ఉంటుంది.

లైసెన్సు ఉంటే ఎక్కడైనా వెయ్యొచ్చు అనుకోవద్దు. అది ప్రభుత్వానికి కట్టేది. చెరువు గలాయనకు లేదా క్లబ్బుకు విడిగా టికెట్టు కొనాలి. ఇంటి వెనక కాలువ అయినా ఎవరిదో అనుమతి ఉండే ఉంటుంది. నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా నిషేధం. చెరువుల్లో చాలావాటికి ఆ గొడవ లేదు గానీ కొందరు యజమానులు సొంతంగా మూసేస్తారు, అడిగి వెళ్లాలి.

ముందు వల, చాప

మనవాళ్లు షాపులోకి వెళ్లగానే కర్రల వరసలో నిలబడిపోతారు. నేనైతే చివరి వరసకు తీసుకెళ్తాను. మొదట కొనాల్సింది చేపను నీళ్లలోంచి ఎత్తే వల. బంగారుతీగకి 42 అంగుళాల వల ఉండాలి. రెండోది చేపను పడుకోబెట్టే మెత్తటి చాప, అన్‌హుకింగ్ మ్యాట్ అంటారు. గట్టు మీద కంకర, ముళ్లు ఉంటాయి. ఆరేడు కేజీల చేప వాటి మీద ఎగిరిపడితే లోపల దెబ్బ తింటుంది. చాప తడిపి, చేయి తడిపి, అప్పుడు ముట్టుకోవాలి. చాలా చెరువుల్లో ఈ రెండూ చూపించకపోతే గేటు దాటనివ్వరు. కొన్నిచోట్ల అంచులు లేచి ఉన్న ఉయ్యాలలాంటి చాపే కావాలంటారు. వీటికి తోడు గాలం తీసే చిన్న పటకారు, గాయం మీద వేసే మందు సీసా.

నేను చూసిన ధరల ప్రకారం వలకి 30, చాపకి 20, పటకారు, మందు కలిపి 10 పౌండ్లు. అంటే కర్ర ముట్టుకోకముందే 60 అయ్యాయి. ఆ 120 పౌండ్ల సెట్టులో ఇవి చాలాసార్లు ఉండవు, ఉన్నా వల బుట్టంత ఉంటుంది.

లైను, గాలం, సీసం

కర్ర ఖరీదుదైనా చేపకీ మీకూ మధ్య ఉండేది లైనే. 12 లేదా 15 పౌండ్ల మోనోఫిలమెంట్ లైను తీసుకోండి. ఈ పౌండు డబ్బు కాదు, బరువు. 12 పౌండ్లంటే అయిదున్నర కేజీల దాకా తెగదని అర్థం. అల్లిన లైను, అంటే బ్రెయిడ్, గట్టిది కదా అని ఎగబడొద్దు. చేప మూతిని కోసేస్తుందని చాలా చెరువులు దాన్ని ఒప్పుకోవు. రీలు కొంటే ఉచితంగా చుట్టి ఇచ్చే లైనును నేను నమ్మను, 8 పౌండ్లు పెట్టి కొత్తది చుట్టించుకోవడం మంచిది.

గాలాలకు నెంబర్లు ఉంటాయి. నెంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. మొదట్లో 8 నెంబరు సరిపోతుంది. ముల్లు లేని గాలం, బార్బ్‌లెస్, అడిగి తీసుకోండి. ముల్లు లేకపోతే చేప జారిపోదా అని అందరూ అడుగుతారు. లైను బిగువు వదలకపోతే జారదు, పైగా తియ్యడం తేలిక.

మన ఊళ్లో ఎరను గాలానికే గుచ్చుతాం. ఇక్కడ గాలం వెనక వెంట్రుకలాంటి దారం కట్టి, ఎరను ఆ దారానికి గుచ్చుతారు. హెయిర్ రిగ్ అంటే అదే. బంగారుతీగ ఎరను నోట్లోకి పీల్చి, అనుమానం వస్తే ఊదేస్తుంది. ఊదినప్పుడు ఖాళీగా ఉన్న గాలం పెదవికి పడుతుంది, కింద ఉన్న సీసం బరువుకి లోపలికి దిగుతుంది. 1980 ప్రాంతంలో లెన్నీ మిడిల్టన్, కెవిన్ మాడక్స్ అనే ఇద్దరు కనిపెట్టిన పద్ధతి ఇది. ముడి నేర్చుకునేదాకా కట్టి ఉన్నవే ప్యాకెట్లలో కొనుక్కోవచ్చు.

సీసం విషయంలో జాగ్రత్త. ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల కంటే చిన్న సీసపు బరువులను హంసలు మింగి చస్తున్నాయని 1987 నుంచి నిషేధించారు, మరీ సన్నటి రవ్వలకు తప్ప. పాత డబ్బాల్లో ఎవరైనా ఇస్తే వాడొద్దు. బంగారుతీగకి వాడే రెండు, మూడు ఔన్సుల సీసాలకు ఇబ్బంది లేదు. వాటిని లెడ్ క్లిప్ అనే ప్లాస్టిక్ ముక్కకే తగిలించాలి. లైను తెగినా సీసం ఊడి కింద పడిపోతుంది, చేప దాన్ని ఈడ్చుకుంటూ తిరిగి ఏ వేరుకో చిక్కుకుని చావదు. పౌండు, రెండు పౌండ్ల ముక్క అది. దానిదగ్గర పొదుపు చేసేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది.

కర్ర, రీలు

12 అడుగుల కర్ర, టెస్ట్ కర్వ్ 2.75 పౌండ్లు. షాపువాడికి ఈ రెండు ముక్కలు చెబితే చాలు. టెస్ట్ కర్వ్ అంటే కర్ర కొన 90 డిగ్రీలు వంగడానికి ఎంత బరువు పడుతుందన్నది. మరీ బిర్రుగా ఉండే మూడున్నర పౌండ్ల కర్రలు వంద మీటర్ల అవతలకి విసిరేవాళ్లవి. చిన్న చెరువులో అది చేప మూతిని చింపుతుంది. 30 పౌండ్లలో పనికొచ్చే కర్ర దొరుకుతుంది. డెకథ్లాన్‌లో ఒకసారి చూసి, తరవాత ఫిషింగ్ షాపుకి వెళ్లండి, అక్కడ చేతికి ఇచ్చి వంచి చూపిస్తారు. నాష్, ఫాక్స్, కోర్డా లాంటి పేర్లు మొదటి ఏడాది మర్చిపోవచ్చు.

రీలు మాత్రం బెయిట్ రన్నర్ రకం, ఫ్రీ స్పూల్ అని కూడా అంటారు, అదే కావాలి. వెనక చిన్న మీట ఉంటుంది. అది వేసి ఉంచితే చేప ఎర అందుకుని పరిగెత్తినప్పుడు లైను స్వేచ్ఛగా పోతుంది. హ్యాండిల్ తిప్పగానే బిగుసుకుంటుంది. మామూలు రీలు బిగించి పెట్టి టీ తాగడానికి లేస్తే కర్రతో సహా చెరువులోకి పోతుంది.

కర్ర ఒకటి చాలు. అలారం అక్కర్లేదు, కళ్లు ఉన్నాయి కదా. ఆ అలారానికీ ఒక కథ ఉంది. రిచర్డ్ వాకర్ అనే ఇంగ్లిషాయన సొంతంగా విద్యుత్ అలారం చేసుకుని, వెదురు చీలికలతో కర్ర తయారు చేసుకుని, 1952 సెప్టెంబర్ 13న రెడ్‌మైర్ చెరువులో 44 పౌండ్ల బంగారుతీగను పట్టాడు. దాదాపు 20 కేజీలు. అప్పటికి అది ఈ దేశపు రికార్డు. ఆయన దాన్ని చంపలేదు, లండన్ జూకి ఇచ్చాడు. క్లారిస్సా అన్న పేరుతో అది 1971 దాకా అక్కడి అక్వేరియంలో బతికింది.

కర్ర పెట్టే ఊతాలు, ప్యాకెట్ రిగ్గులు, క్లిప్పులు కలుపుకుంటే అంతా 150 పౌండ్ల దగ్గర తేలుతుంది. ఇంటికి పంపితే 15 వేల రూపాయలకు పైనే. టెంటు, మంచం, స్టవ్వు అంటూ షాపువాడు చూపించేవన్నీ రాత్రిళ్లు ఉండేవాళ్లవి.

ఎర మన వంటగదిలోనే

బాయిలీలని గుడ్డు, పిండి కలిపి ఉడికించిన గోళీలు కేజీలు కేజీలు అమ్ముతారు. మొదట్లో డబ్బా స్వీట్ కార్న్ చాలు. మన కాబూలీ శనగలు కూడా బాగా తింటుంది, కానీ రాత్రంతా నానబెట్టి మెత్తగా ఉడికించాలి. పచ్చి గింజలు చేప కడుపులో ఉబ్బి ప్రాణం తీస్తాయి. వేరుశనగ గుళ్లు చాలా చెరువుల్లో నిషేధం. ఇక్కడివాళ్లు డబ్బా మాంసం ముక్కలకు కూరపొడి అద్ది వేస్తారంటే మన కుర్రాళ్లు నమ్మరు, నిజమే.

ఎక్కడ కూర్చోవాలి

స్లవ్ నుంచి రేస్‌బరీ, కోల్న్ లోయ వైపు కనిపించే పెద్ద పెద్ద చెరువులు చాలామటుకు కట్టడాలకు కంకర తవ్వగా మిగిలిన గుంటలు. అడుగున దిబ్బలు, గోతులు. చేపలు తక్కువ, తెలివైనవి. కొత్తవాళ్లు అక్కడ నెలలు కూర్చున్నా ఏమీ పడకపోవచ్చు. ఎకరం, రెండెకరాల టికెట్ చెరువు చూసుకోండి, రోజుకి 10 నుంచి 20 పౌండ్లు ఉంటుంది. సైట్ బూట్లతో ధబధబా నడవకండి, అడుగు చప్పుడు నీళ్లలోకి తెలుస్తుంది.

సూపర్‌వైజర్‌గా ఒక్కటి గట్టిగా చెప్తాను. ఈ కర్రలు కార్బన్‌వి, కరెంటును పట్టిస్తాయి. పైన కరెంటు తీగలుంటే కనీసం 30 మీటర్ల దూరంలో కూర్చోండి, వాటి కింద నుంచి కర్ర నిలబెట్టి నడవకండి. తీగను తాకక్కర్లేదు, దగ్గరకొస్తే చాలు దూకుతుంది. ఉరుము వినబడితే కర్ర కింద పెట్టి లేచి రండి.

పాత సామాను కొనాలనుకుంటే నవంబరు, డిసెంబరు మంచి నెలలు. చలికి విసిగిపోయినవాళ్లు అమ్మేస్తుంటారు. కర్ర కొనేటప్పుడు కొంచెం దూది ప్రతి రింగు లోపలా తిప్పి చూడండి. దూది పోగు ఎక్కడైనా పట్టుకుంటే ఆ రింగులో చీలిక ఉన్నట్టే, అది లైనును కోస్తుంది. రీలు అయితే చెవి దగ్గర పెట్టుకుని నెమ్మదిగా తిప్పండి. గరగరమంటే లోపల ఇసుక చేరింది, ఎంత తక్కువకిచ్చినా వద్దు.