ఆకలితో లేచే కృష్ణబిలం!

కృష్ణబిలం అనగానే దొరికినదాన్నల్లా మింగేసే రాకాసి గుర్తొస్తుంది కదూ! నిజానికి కొన్ని కృష్ణబిలాలు దశాబ్దాల తరబడి చడీచప్పుడూ లేకుండా నిద్రపోతాయి. లేచాయంటే మాత్రం... రోజుల్లోనే వేల రెట్లు వెలిగిపోతాయి.

చీకటి బిలానికి వెలుగెక్కడిది? అది పక్కనే తిరిగే తోడు నక్షత్రం పుణ్యం. దాన్నుంచి లాక్కున్న వాయువు నేరుగా బిలంలో పడదు. చుట్టూ పళ్లెంలా సుడి తిరుగుతూ పోగవుతుంది. చౌడేపల్లె, పుంగనూరు వైపు వారికి చెరువు సంగతి కొత్త కాదు. కొంచెం కొంచెంగా చేరిన నీరు, కట్ట తెగితే ఒక్క పూటలో పోతుంది. ఇక్కడా అంతే! పోగైన వాయువు హద్దు దాటగానే వేడెక్కి బిలం వైపు దూసుకెళ్తుంది. లోపల పడేలోపే లక్షల డిగ్రీలకు కాగి, ఎక్స్‌రేలు చిమ్ముతుంది.

26 ఏళ్ల నిద్ర

సిగ్నస్ తారామండలంలో వి404 సిగ్ని అనే జంట ఉంది. దూరం సుమారు 7,800 కాంతి సంవత్సరాలు. అందులోని కృష్ణబిలం బరువు సూర్యుడికి దాదాపు 9 రెట్లు. 1938లో మెరిసినప్పుడు మామూలు నోవా అనుకున్నారు. 1989లో వెలువడ్డ ఎక్స్‌రేలు అసలు గుట్టు విప్పాయి. మళ్లీ 2015 జూన్ 15న లేచింది. 20 సెంటీమీటర్ల చిన్న టెలిస్కోపుకి కూడా ఆ మినుకులు అందాయి. రెండు వారాలకే సద్దుమణిగింది.

శ్రీహరికోట నుంచి కాపలా

ఎక్స్‌రేలను భూమి వాతావరణం అడ్డుకుంటుంది. కాబట్టి కాపలా కాసే కన్ను పైనే ఉండాలి. మన ఆస్ట్రోశాట్ శ్రీహరికోట నుంచి ఎగిరింది 2015 సెప్టెంబరు 28న. అంటే, వి404 లేచిన మూడు నెలలకు! ఆ అవకాశం చేజారినా, 2018 మార్చిలో సుమారు 10 వేల కాంతి సంవత్సరాల దూరంలో మ్యాక్సీ జే1820+070 అనే మరో కృష్ణబిలం లేచినప్పుడు ఆస్ట్రోశాట్ దాన్ని చూడగలిగింది. ఐదేళ్ల కోసం పంపిన ఆ ఉపగ్రహం 2025లో పదేళ్లు పూర్తిచేసుకుంది. 2024 జనవరి 1న ఎక్స్‌పోశాట్ కూడా శ్రీహరికోట నుంచే వెళ్లింది.

వి404 మళ్లీ ఎప్పుడు లేస్తుంది? ఎవరూ చెప్పలేరు. అయితే మన కాలంలో అది మెరిస్తే, ఆ వెలుగు వేల ఏళ్ల కిందటే అక్కడ బయల్దేరి ఉంటుంది. వచ్చేసరికి చూసే కన్ను సిద్ధంగా ఉండటమే మన వంతు!